చెరిగిపోయిన బాటకు విహారాలే ఆనవాళ్లు

హౌరా నుంచి చెన్నై వైపు వెళ్లే రైళ్లు ఖరగ్‌పూర్ దాటాక దక్షిణానికి మళ్లి, బెల్దా, దాంతన్ మీదుగా ఒడిశాలోకి ప్రవేశిస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని కోసం వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సొంతూళ్లకు వచ్చిపోయే దారి ఇదే. దాదాపు 1,400 ఏళ్ల కిందట ఈ ప్రాంతం మీదుగానే బౌద్ధ భిక్షువులు, వర్తకులు రాకపోకలు సాగించి ఉంటారని పరిశోధకుల అంచనా. ఆ కాలిబాట ఎప్పుడో చెరిగిపోయింది. మరి అది ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఎలా తెలుసుకుంటారు?

దిబ్బ కింద విహారం

ఖరగ్‌పూర్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, దాంతన్ దగ్గర మొగల్‌మారి అనే గ్రామం ఉంది. అక్కడి పెద్ద మట్టిదిబ్బ సఖిసేన అనే రాకుమారి చదువుకున్న పాఠశాల అని ఊళ్లో కథ చెప్పుకునేవారు. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ దత్తా బృందం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ ఆ పనిని కొనసాగించింది. ఇటుక గోడలు, సున్నపు గారతో చేసిన బొమ్మలు, బౌద్ధుల మట్టి ముద్రలు, 2016లో 90కి పైగా కంచు ప్రతిమలు బయటపడ్డాయి. కథలోని పాఠశాల నిజానికి ఒక బౌద్ధ విహారం!

6వ శతాబ్దంలో వంగదేశాన్ని ఏలిన సమాచారదేవుడి నాణెం కూడా ఇక్కడ దొరికింది. నాణెం దొరికిన మట్టిపొర ఆ నాణెం కన్నా పాతది కాజాలదు. అయితే నాణేలు ఎన్నో ఏళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. అందుకే ముద్రల మీది లిపిని, ఇటుకలను, కుండపెంకులను కూడా పోల్చి చూశాకే కాలాన్ని నిర్ణయిస్తారు.

యాత్రికులు ఏం రాశారు?

ఈ ప్రాంతానికి పెద్ద రేవు తామ్రలిప్తి, అంటే నేటి తమ్లుక్. 5వ శతాబ్దం ఆరంభంలో ఫాహియాన్ అక్కడ రెండేళ్లు ఉండి సింహళానికి ఓడ ఎక్కాడు. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యుయన్‌త్సాంగ్ అక్కడ పది విహారాలు ఉన్నాయని రాశాడు. ఓఢ్ర, కళింగ, కోసల దేశాల తర్వాత ఆంధ్ర దేశాన్ని, ధాన్యకటకాన్ని వర్ణించాడు. 673లో తామ్రలిప్తిలో దిగిన ఇత్సింగ్, తర్వాత వర్తకుల గుంపుతో కలిసి నలందకు బయలుదేరాడు. దారిలో జబ్బుపడి గుంపుకు వెనకబడ్డాడు. దొంగలు ఒంటి మీది బట్టలు కూడా దోచుకున్నారు. అలాంటి రోజుల్లో రాత్రికి తలదాచుకునే విహారం ఎంత దూరంలో ఉందన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

నేల వాలు చెప్పేదెంత?

పాత దారులను అంచనా వేయడానికి పరిశోధకులు కంప్యూటర్ సాయం తీసుకుంటారు. భూగోళ శాస్త్రజ్ఞుడు వాల్డో టాబ్లర్ 1993లో ప్రచురించిన సూత్రం ప్రకారం మనిషి చదునైన నేల మీద గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు. పది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగే చోట ఆ వేగం 3.5 కిలోమీటర్లకు పడిపోతుంది. ఇలా తక్కువ శ్రమతో సాగే బాటను కంప్యూటర్ గీస్తుంది.

కొండల మధ్య ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. తమ్లుక్, దాంతన్ మధ్య నేల మాత్రం దాదాపు చదును. అక్కడ నడకకు అడ్డం వాలు కాదు, నదులు, చిత్తడి నేలలు. నదులేమో శతాబ్దాల్లో దారి మార్చుకుంటాయి. నేటి పటం చూసి నాటి రేవులను చెప్పలేం. అందుకే ఇలాంటి చోట కట్టడాల జాడలకు విలువ ఎక్కువ.

చదును నేలకు ఒక అనుకూలత కూడా ఉంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, 1.6 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి దిగంతం సుమారు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఎదుటి కట్టడం ఎత్తు 10 మీటర్లు అనుకుంటే, చెట్లు అడ్డు రాకపోతే, దాని కొన దాదాపు 16 కిలోమీటర్ల నుంచి కనబడాలి. అంటే మూడు గంటలకు పైగా నడక మిగిలి ఉండగానే బాటసారికి గురి దొరుకుతుంది.

రాతి శిలువ నేర్పే జాగ్రత్త

ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడుభూమిలో మధ్యయుగాల నాటి రాతి శిలువలు చాలా ఉన్నాయి. పొగమంచులో మఠాల మధ్య నడిచేవారికి అవి దారి చూపేవని చెబుతారు. వాటిలో ఒకటైన సివార్డ్ శిలువ ప్రస్తావన 1240 నాటి సరిహద్దుల పత్రంలో ఉంది. అంటే అది హద్దురాయి కూడా. గుర్తు కనబడినంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు.

మొగల్‌మారికీ ఇదే వర్తిస్తుంది. ఒక్క విహారం దారికి రుజువు కాదు. యాత్రికుల రాతలు, రేవు ఉన్న చోటు, దొరికిన వస్తువులు, వరుసలో ఉన్న ఇతర దిబ్బలు ఒకే వైపు చూపినప్పుడే ఊహకు బలం వస్తుంది.

కాబట్టి తవ్వని ప్రతి దిబ్బా ముఖ్యమే. 1850లలో లాహోర్-ముల్తాన్ రైలుమార్గం కోసం హరప్పా ఇటుకలను తరలించారు. అమరావతి స్తూపం రాళ్లు కొత్త కట్టడాల్లోకి వెళ్లిపోయాయి. తీసిన ఇటుకతో పాటు, అది ఏ పొరలో, దేని పక్కన ఉందన్న సమాచారమూ పోతుంది. పొలం మధ్య ఉన్న దిబ్బను చదును చేసేముందు ఊరివాళ్లు పురావస్తు శాఖకు కబురు పెడితే, చెరిగిన బాటలో మరో మజిలీ దొరకవచ్చు.