రోజూ గుప్పెడు చాలు

విజయనగరం,
వైశాఖ మాసం

చి.ల.సౌ. మేనకోడలికి,

అమ్మలూ, కొత్త ఇంటి వెనక మిగిలిన అర సెంటు నేలలో ఏమేం వేయాలని అడిగావు. నువ్వు రాసుకున్న జాబితాలో టమాటా, క్యాప్సికం, క్యారెట్, కాలీఫ్లవర్, గులాబీలు ఉన్నాయి. అన్నీ మంచివే. అయితే ఏం వేయాలన్నది రెండో ప్రశ్న. ఆ తోట నుంచి నీకేం కావాలన్నది ముందు తేల్చుకోవాలి. అర సెంటంటే 24 గజాలు, ఇరవై చదరపు మీటర్లు. అంత నేలలో పొలం చెయ్యలేం. ఒక్కసారిగా బుట్ట నిండా కోయాలన్న ఆశతో వేస్తే ఒక నెల కాయలు తినలేక పక్కింటికి పంచుతాం, మూడు నెలలు ఖాళీ నేల చూస్తాం. నా మట్టుకు నేను చెప్పేది ఒకటే. ఇంటి తోటను ఎంత కోశామన్న లెక్కతో కొలవకూడదు. ఏడాదిలో ఎన్ని రోజులు దాన్నుంచి ఏదో ఒకటి వంటింట్లోకి వచ్చిందన్న లెక్కతో కొలవాలి. ఈ మాట ఒప్పుకుంటే ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్న మిగతా ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఎందుకంటావేమో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలని ఉంది. మన ఇళ్లలో అన్నం కొండంత, కూర గరిటెడు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మనం ఆకుకూర తక్కువ తినడం అది కొనలేనంత ఖరీదని కాదు. అది నిలవ ఉండదు. వారపు సంతకు వెళ్లినవాళ్లు దుంపలు, ఉల్లిపాయలు, వంకాయలు వారానికి సరిపడా తెచ్చుకుంటారు, ఆకు మాత్రం మర్నాటి కూరకే తెస్తారు. తర్వాత అయిదు రోజులు పళ్లెంలో ఆకన్నది కనిపించదు. ఆ లోటు తీర్చగలిగేది పెరడొక్కటే. అలాగని పెరట్లో తోటకూర వేస్తే రక్తహీనత పోతుందని నేననను. ఆకులోని ఇనుము మన ఒంటికి కొద్దిగానే పడుతుంది. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే కాస్త ఎక్కువ పడుతుంది. డాక్టరు ఐరన్ మాత్రలు ఇస్తే అవి మానకూడదు. అయినా 1990ల నుంచి బంగ్లాదేశ్‌లో హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పల్లెటూరి ఇళ్లలో వేయించిన తోటల అనుభవం ఒకటుంది. ఏడాది పొడుగునా రకరకాలుగా పండించుకున్న ఇళ్లలో ఆకుకూరలు, కూరగాయలు తినడం పెరిగింది. ఒక్క కాలంలో విరగకాసిన తోట కన్నా, కొద్దికొద్దిగా ఎడతెగకుండా ఇచ్చిన తోటే ఆ ఇళ్లకు ఎక్కువ ఉపకరించింది.

కాబట్టి మొదటి చోటు ఆకుమడికి ఇయ్యి. మీటరు వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడుగు చాలు. వెడల్పు అంతకు మించితే మడిలో కాలు పెట్టకుండా చెయ్యి అందదు. దాన్ని నాలుగు భాగాలు చేసి, వారానికి ఒక భాగంలో విత్తు. తోటకూర నాలుగు వారాలకు కోతకొస్తుంది. నాలుగో భాగం విత్తిన మరుసటి వారానికి మొదటి భాగం చేతికందుతుంది, కోసి అక్కడే మళ్లీ విత్తుకోవచ్చు. చదరపు మీటరుకు కిలో చొప్పున లెక్క వేసుకున్నా వారానికి రెండు కిలోల ఆకు. నలుగురున్న ఇంటికి నాలుగైదు పూటలు గడుస్తాయి. అదే ఎనిమిది మీటర్లూ ఒక్కరోజే విత్తావనుకో, ఎనిమిది కిలోలూ ఒకే వారంలో వచ్చి ముదిరిపోతాయి. నేల అదే, గింజ అదే, విత్తిన తీరులోనే తేడా ఉంది. తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది, ఇసుకలో కలిపి చల్లితే గుంపుగా పడదు. గోంగూర, చుక్కకూర, బచ్చలి కూడా ఈ వంతుల్లోకే వస్తాయి. పాలకూర, మెంతి, కొత్తిమీర చలికాలానికి ఉంచు, ఎండలకు అవి త్వరగా పువ్వుకు తిరుగుతాయి. మీ ఊరిది ఎర్ర గరువు నేల, నీళ్లు నిలవవు, సారం తక్కువ. చదరపు మీటరుకు రెండున్నర కిలోల చొప్పున ఆకుమడికి ఇరవై కిలోల చివికిన గెత్తం కావాలి. పచ్చి పేడ వేయకు, వేడికి వేరు మాడుతుంది, చెద పడుతుంది. గెత్తం చాలకపోతే ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు వాడే జీవామృతం కలుపుకో. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల ఆవు పంచకం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టుమట్టి వేస్తారు. నీకు పది లీటర్ల బకెట్టు చాలు. అంటే అరకిలో పేడ, అరలీటరు పంచకం, నూరేసి గ్రాముల బెల్లం, పిండి, చిటికెడు మట్టి. వారంలోపు పోసెయ్యాలి.

రెండో చోటు తీగలది. ఇక్కడ మన ప్రాంతపు కాలాన్ని మర్చిపోకూడదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. ఆరేళ్లలో మూడుసార్లు, దాదాపు ఒకే తేదీకి, మన తీరం మీద పెద్ద గాలి పడింది. ప్రతి ఏడూ అలాగే వస్తుందని కాదు గాని, అక్టోబరు రెండో వారానికి బరువైన పందిరి మీద ముదురు పాదు ఉండకుండా చూసుకోవడం వివేకం. మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో, ఆనప, బీర పెడితే ఆగస్టు మొదలుకొని సెప్టెంబరు చివరిదాకా కాస్తాయి. గాలి వచ్చేవేళకు వాటి పని అయిపోతుంది. టమాటా, వంగ నారు సెప్టెంబరులో కాస్త చాటున పోసి, అక్టోబరు మూడో వారం దాటాక నాటుకో. నీ కాలీఫ్లవరు, క్యారెట్లకూ అదే అదను. టమాటాకు రాత్రి చల్లదనం ఉంటేనే పిందె నిలుస్తుంది, కనుక మండు వేసవిలో దాని మీద ఆశ పెట్టుకోకు. అప్పుడు గోంగూర, బచ్చలి, బెండ నిలబడతాయి. చిక్కుడు మాత్రం ముందే పెట్టినా పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. దాన్ని పందిరెక్కించకుండా దడి మీదికి పాకించు. తిత్లీకి పలాస వైపు ఉద్దానంలో కూలిన కొబ్బరి తోటలు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నీ ఆకుమడి మొత్తం కొట్టుకుపోయినా నెల తిరిగేసరికి కూర ఇస్తుంది. ఎడతెగకుండా ఇచ్చే తోట దెబ్బ తగిలినా త్వరగా లేస్తుంది.

పందిరిని పెరటికి ఉత్తరం వైపు వెయ్యి. చలికాలపు ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది, ఎత్తైనవి దక్షిణం పక్కన ఉంటే ఆకుమడికి నీడ పడుతుంది. రెండు మీటర్ల చదరం, నాలుగు సరుగుడు కర్రలు, ఒక ఆనప పాదు, ఒక బీర పాదు. చిన్న కుటుంబానికి అంతకన్నా అక్కర్లేదు. పందిరి కింద ఖాళీ అని వదలకు. కంద, పసుపు, అల్లం, చేమ ఓ మోస్తరు నీడలో బాగానే వస్తాయి. ఉద్దానంలో కొబ్బరి నీడన కంద, పసుపు, అనాస వేసుకోవడం మనవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన పని. ములగ, కరివేప ఒక్కొక్కటి మూలకు పెట్టి, ములగను ఏటేటా నరికి పొట్టిగా ఉంచు. ఎత్తు పెరిగితే గాలికి ముందుగా విరిగేది అదే.

ఇంత కొద్ది నేలలో పువ్వులకు చోటెక్కడిదని మీ ఆయన అన్నాడని రాశావు. కూర తినేది, పువ్వు చూసేది అన్న లెక్క అది. కాని ఆనప, బీర, గుమ్మడి పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి మోసే పురుగు రాకపోతే ఆడపువ్వు కింది పిందె పసుపెక్కి రాలిపోతుంది. చాలామంది దాన్ని ఎరువు లోపమనుకుని మరింత ఎరువు వేస్తారు. గుమ్మడి తెల్లారుతూనే విచ్చుతుంది, తేనెటీగలు చూసుకుంటాయి. ఆనప సాయంత్రం విచ్చుతుంది, ఆ వేళకు మగపువ్వు కోసి ఆడపువ్వుకు నువ్వే తాకించవచ్చు. ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు ఉన్న పెరటికి తేనెటీగలు దారి మర్చిపోవు. బంతి వేళ్లు మట్టిలోని నులిపురుగుల్ని అణుస్తాయి. టమాటాలో కాయ తొలిచే పురుగు బంతిపువ్వు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది కనుక, పదహారు వరసల టమాటాకు ఒక వరస బంతి వేయమని బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ చెబుతుంది. నీకు మడి రెండు కొసలా నాలుగేసి మొక్కలు చాలు. పురుగు పట్టిన పువ్వుల్ని తుంచి పారేస్తూ ఉండాలి, లేకపోతే పెంచి పోషించినట్టవుతుంది. ఇంకో సంగతి. నాగుల చవితికి, కార్తీకానికి, నెలగంట పెట్టిన దగ్గర్నుంచి గొబ్బెమ్మలకు పువ్వు కావాలి, సరిగ్గా అప్పుడే బజార్లో ధర రెట్టింపవుతుంది. బంతి, చేమంతి, కనకాంబరం, డిసెంబరాలు, వేసవికి మల్లె. ఇవి దడి వారనే బతుకుతాయి, ఆకుమడి నుంచి గజం కూడా అడగవు. గులాబీని కుండీలో పెట్టుకో.

రైతుబజారులో చవగ్గా దొరుకుతుంటే ఇంత శ్రమ దేనికన్నది మీ అత్తగారి మాట. ఆవిడ మాటలో నిజం ఉంది. పెద్దగా డబ్బు మిగులుతుందని నీకు నేను ఆశ పెట్టను. 2023 జూలైలోలా టమాటా కిలో నూరు దాటిన రోజులు ఎప్పుడో గాని రావు, అవి వచ్చేది కూడా టమాటా నీ పెరట్లోనూ కాయని కాలంలోనే. లాభం వేరే చోట ఉంది. కోసిన అరగంటలో పొయ్యెక్కిన ఆకు, మందు కొట్టలేదని నీకు తెలిసిన వంకాయ, అనుకోకుండా చుట్టం వచ్చినా సంత రోజు దాకా ఆగనక్కర్లేని ఇల్లు. నీళ్ల సంగతికొస్తే, వేసవిలో చదరపు మీటరుకు రోజుకు అయిదు లీటర్లు వేసుకున్నా ఇరవై చదరపు మీటర్లకు నూరు లీటర్లు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు అందులో కొంత తీరుస్తాయి. ఎండుటాకు, కొబ్బరి మట్టల ముక్కలు మొదళ్లలో పరిస్తే ఇంకొంత తగ్గుతుంది. సబ్బు నీళ్లు మాత్రం ఆకుమడికి పోయకు. ఇక తీరిక. ఉద్యోగం చేసే నీకు ఆదివారం మూడు గంటలు కేటాయించడం కన్నా రోజూ పొద్దున్న పావుగంట సులువు. పురుగు మొదటి రోజున కనపడితే చేత్తో ఏరేస్తాం, ఏడో రోజున కనపడితే మందు వెతుక్కుంటాం. వంగ కొమ్మ తల వాలిస్తే లోపల పురుగుందని గుర్తు, ఆ కొసను తుంచి కాల్చెయ్యి. బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే మొక్కను పీకెయ్యి, ఆ తెగులుకు మందు లేదు, తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకు మోస్తుంది. తెలియనిది ఎదురైతే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగు, తెగులు పట్టిన ఆకు చేత్తో పట్టుకెళ్లు.

కాబట్టి అమ్మలూ, ఈ ఏడు నీ జాబితాను సగానికి తగ్గించుకో. మృగశిరకు ముందే గెత్తం వేసి ఆకుమడి నాలుగు భాగాలు చెయ్యి, రెండు పాదులు తవ్వు, దడి వార బంతి నారుకు చోటు ఉంచు. క్యాప్సికం, క్యారెట్ల సంగతి ఆకుమడి ఒక వర్షాకాలం తప్పకుండా నడిచాక చూసుకోవచ్చు. గోడకు ఒక క్యాలెండరు వేలాడదీసి, పెరటి నుంచి ఏదైనా కోసిన రోజున ఒక గీత పెట్టు. ఎంత కోశావో రాయకు. గీతలు ఎక్కడ తెగిపోయాయో చూస్తే ఏ వారం విత్తడం మానావో, ఏ నెలకు ఏ మొక్క కావాలో వచ్చే ఏటికి నీకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ మావయ్య