తప్పిన జోస్యము - వాచిక తపస్సు

1962 ఫిబ్రవరి తొలి వారమున సూర్యచంద్రులు, కుజ బుధ గురు శుక్ర శనులు కేతువుతో గూడి మకరరాశియందు చేరిరి. ఈ అష్టగ్రహ కూటమితో లోకము అంతమగునని దేశమున ఎందరో భీతిల్లిరి. యజ్ఞములు, నామసంకీర్తనలు జరిగెను. ఆ దినములు గడచెను, లోకము నిలిచెను. 2012 డిసెంబరు 21వ తేదీయు అట్లే గడచెను.

ఇట్టి జోస్యము తప్పినపుడు దానిని గూర్చి ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో వ్రాయదగునా అను సందేహము నేటి భక్తునకు కలుగును. భగవద్గీత 17వ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు వాచిక తపస్సును వివరించెను. వాక్కు ఇతరులకు ఉద్వేగము కలిగింపనిదై, సత్యమును, ప్రియమును, హితమును కావలెను. వ్రాతయు వాక్కే గదా!

జోస్యము తప్పినదనుట సత్యమే. కాని భయముతో రాత్రియెల్ల మేలుకొన్న పొరుగింటి వృద్ధురాలిని పరిహసించుట ప్రియమును కాదు, హితమును కాదు. అట్లని మౌనము వహించినచో, రేపటి వదంతికి మరల ఆమెయే లోనగును.

కావున ధైర్యము గొలుపు మాటనే వ్రాయవలెను. మన శాస్త్రగణన ననుసరించి కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములు. గడచినవి 5,100కు కొంచెము పైన మాత్రమే. నిత్యము సంకల్పమున కలియుగ ప్రథమ పాదమున ఉన్నామని మనమే చెప్పుకొనుచున్నాము! ఈ ఒక్క మాట గుర్తుచేసిన చాలును.

వ్రాయుటకు ముందు, భయపడినవారు దీనిని చదివిన ఊరడిల్లుదురా, చిన్నబోవుదురా అని ప్రశ్నించుకొనుడు. ఊరడిల్లుదురని తోచిన వ్రాయుడు. చిన్నబోవుదురని తోచిన, వారి ఇంటికేగి చెంత కూర్చుండి మెల్లగా చెప్పుడు.