గరాజ్ సేల్ బేరాలు: పాఠకుల సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ డాలస్ ఉత్తర శివార్ల నుంచే. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయిన ఇళ్ళు, ఉద్యోగం మారి ఊరు మారుతున్న కుటుంబాలు, ఇండియాకు తిరిగి వెళ్ళిపోతున్నవాళ్ళు రాశారు. అందరికీ గరాజులో పేరుకుపోయిన సామాను వదిలించుకోవాలని ఉంది. ఎదురుగా నిలబడి బేరమాడే మనిషిని తలుచుకుంటేనే అందరికీ బెరుకు.

మేము ఆగస్టులో హైదరాబాదు వెళ్ళిపోతున్నాం. మొదటిసారి గరాజ్ సేల్ పెడుతున్నాం. ఎప్పుడు పెట్టాలి, ఎవరి అనుమతి కావాలి, ధరలు ఎలా వేయాలి?
— ఒక గృహిణి, ఫ్రిస్కో

ఆగస్టులో ప్రయాణమైతే మే నెల దాటకుండా పెట్టేయండి. జూన్ వచ్చిందంటే టెక్సస్ ఎండకు పది గంటలకల్లా వాకిట్లో కొనేవాళ్ళూ ఉండరు, అమ్మేవాళ్ళకూ ఓపిక ఉండదు. శనివారం పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా పెట్టుకుంటే చాలు. మెమోరియల్ డే లాంటి సెలవులు కలిసొచ్చే వారాంతం వద్దు, అప్పుడు జనం ఊళ్ళో ఉండరు.

అనుమతి సంగతి ఊరిని బట్టి మారుతుంది. కొన్ని నగరాల్లో రుసుము కట్టి పర్మిట్ తీసుకోవాలి, కొన్నిచోట్ల ఏడాదికి ఇన్నిసార్లే పెట్టాలని పరిమితి ఉంటుంది. మీ సిటీ వెబ్‌సైట్ చూసి, తర్వాత కాలనీ ఇళ్ళ యజమానుల సంఘాన్ని (హెచ్‌ఓఏ) అడగండి. చాలా కాలనీల్లో వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి అందరూ కలిసి ఒకే రోజు పెడతారు. మీ కాలనీలో అలాంటి రోజు ఉంటే దాన్ని వదులుకోకండి. ఒక్క ఇంటి కోసం రానివాళ్ళు కూడా ఇరవై ఇళ్ళు ఉన్నాయంటే వస్తారు. దారి చూపే బోర్డులు కరెంటు స్తంభాలకు కట్టకండి, చాలా ఊళ్ళలో అది నిషేధం. ఇనుప కాళ్ళున్న చిన్న బోర్డులు తెచ్చి, అనుమతి ఉన్నచోట నేలలో గుచ్చండి. బాణం గుర్తు, వీధి పేరు, సమయం పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు.

ధరలు వేసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి: ఆరోజు మధ్యాహ్నానికి అమ్ముడుపోనివి ఎక్కడికి వెళ్తాయి? తిరిగి లోపలికి రాకూడదని ఖాయంగా అనుకుంటే మిగతా నిర్ణయాలు సులువవుతాయి. గరాజ్ సేల్ ఇల్లు ఖాళీ చేసుకోవడానికి పెట్టేది, సంపాదనకు కాదు. రోజంతా పడే ఇబ్బందుల్లో సగం ఈ మాట మరిచిపోవడం వల్లే వస్తాయి.

బాగున్న వస్తువుకు కొత్తప్పటి ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వేయవచ్చు. బట్టలు డాలరు, రెండు డాలర్లు. పుస్తకాలు అర డాలరు. చిల్లర లెక్క తేలిగ్గా ఉండేలా అన్నీ పావు డాలరు మెట్ల మీద వేయండి. ప్రతి వస్తువుకూ స్టిక్కర్ అంటించండి. ధర లేకపోతే సిగ్గరులు అడక్కుండానే వెళ్ళిపోతారు. ఒక ఎక్స్‌టెన్షన్ తీగ బయట పెట్టి, మిక్సీ అయినా దీపమైనా అక్కడే వెలిగించి చూపించండి. పనిచేస్తుందని కళ్ళతో చూసిన మనిషి బేరం తగ్గిస్తాడు.

ఏడింటికని రాశాం. ఆరున్నరకే టార్చిలైటు పట్టుకుని ఇద్దరు వచ్చి, సగం తెరిచిన గరాజులోకి దూరి పెట్టెలు తెరవబోయారు. "పాత నాణేలున్నాయా, వెండి ఉందా, పనిముట్లున్నాయా" అని ఒకటే అడగడం. ఏం చెప్పాలో తోచలేదు.
— ప్లేనో నుంచి ఒక పాఠకుడు

వాళ్ళు ఎక్కువగా కొని మళ్ళీ అమ్ముకునే వ్యాపారులు. అది వాళ్ళ బతుకుతెరువు, అందులో తప్పేమీ లేదు. కానీ మీ ఇంట్లోకి ఎప్పుడు రావాలో మీరే చెప్పాలి. తలుపు పూర్తిగా దించి ఉంచండి, బల్లలు లోపలే సర్దుకుని ఏడింటికి ఒకేసారి ఎత్తండి. ముందే వచ్చినవాళ్ళకు "ఏడింటికి మొదలు, అప్పుడు రండి" అని నవ్వుతూ ఒక్కసారి చెప్పండి. కారణాలు చెప్పొద్దు. చెబితే వాదన మొదలవుతుంది.

ఇంకో మాట. తెల్లవారకముందే ఒక వస్తువు కోసం ఇద్దరు పోటీపడితే మీరు వేసిన ధర తక్కువేమో చూసుకోండి. పాత కెమెరాలు, లెన్సులు, చేతి పనిముట్లు, లెగో పెట్టెలు, పాత వీడియో గేములు ఇలాంటివే. ఈబేలో అడుగుతున్న ధరలు చూస్తే లాభం లేదు. నిజంగా అమ్ముడైన ధరలు విడిగా చూపిస్తారు, వాటిని ముందు రోజే చూసి పెట్టుకోండి.

ఇరవై డాలర్లు రాసిన కుర్చీని రెండు డాలర్లకు అడిగారు. కొన్నప్పుడు నూట అరవై పెట్టాం. నిజం చెప్పాలంటే అవమానంగా అనిపించింది. మా ఆవిడ కుదరదంటే నా దగ్గరికి వచ్చి అడుగుతున్నారు, నేను మొహమాటపడి ఇచ్చేస్తున్నాను. సాయంత్రానికి ఇద్దరికీ మాటలు లేవు. వచ్చే నెల మళ్ళీ పెట్టాలి, ఎలా?
— ఇర్వింగ్ నుంచి

ముందు ఆ అవమానం సంగతి. ఆ రెండు డాలర్లు మీ విలువకు కట్టిన ధర కాదు, అతని జేబుకు అతను కట్టుకున్న హద్దు. గరాజ్ సేల్‌కు వచ్చేవాళ్ళలో వ్యాపారులుంటారు, బేరం సరదాకు వచ్చేవాళ్ళుంటారు, కొత్తగా ఈ దేశానికి వచ్చి గది సర్దుకుంటున్న విద్యార్థులుంటారు, నెలాఖరు కష్టంగా గడిచేవాళ్ళూ ఉంటారు. మొహం చూసి ఎవరు ఎవరో చెప్పలేం. అందుకని అందరికీ ఒకటే మర్యాద ఇవ్వాలి. "కొన్నప్పుడు ఎంత పెట్టామో తెలుసా" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. కొనేవాడికి ఆ లెక్కతో పని లేదు, ఆ మాట అన్నాక మీకూ కోపం పెరుగుతుంది.

ప్రతి పెద్ద వస్తువుకూ మూడు ధరలు ముందే రాసిపెట్టుకోండి. ఒకటి స్టిక్కర్ మీదది. రెండోది పది గంటల లోపు ఇంతకు తగ్గనని మీరిద్దరూ ఒప్పుకున్నది. మూడోది పదకొండు దాటాక ఇంతొచ్చినా చాలనుకున్నది. మీ కుర్చీకైతే ఇరవై, పద్నాలుగు, ఎనిమిది అనుకోండి. కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి. అప్పుడు ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. పెద్ద సామాను విషయంలో మాట ఒక్కరిదే కావాలి: "దాని సంగతి ఆవిడకే తెలుసు, ఆవిడనే అడగండి" అని మీరు పక్కకు తప్పుకోవచ్చు. మొహమాటం ఉన్నవాళ్ళు డబ్బు పెట్టె దగ్గర కూర్చోవడమే మేలు.

రెండు డాలర్లన్న మనిషితో "అంతకు రాదండీ, పదహారుకైతే ఇస్తాను" అని చెప్పి ఊరుకోండి. ఆ తర్వాత మీరు మాట్లాడకూడదు. మనవాళ్ళలో చాలామంది ఆ నిశ్శబ్దం భరించలేక తామే మరో మెట్టు దిగుతారు. అతను కుర్చీని తిప్పి చూసుకోవాలి, లెక్క వేసుకోవాలి, భార్యను పిలవాలి. ఆ సమయం ఇవ్వండి. వద్దని వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. ఎనిమిది గంటలకు వెళ్ళిపోయినవాళ్ళు పదకొండింటికి తిరిగొచ్చి అదే వస్తువు అడగడం మామూలే. కావాలంటే ఫోన్ నంబరు తీసుకుని, మిగిలితే చెబుతానని చెప్పండి. డబ్బు ఇవ్వకుండా "పక్కన పెట్టండి, వస్తాను" అన్నవాళ్ళ కోసం మాత్రం ఆపకండి.

బోణీ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మొదటి మనిషి ఏదో చిన్నది కొంటే కాస్త తగ్గించి అయినా ఇచ్చి పంపండి. వాకిట్లో ఒకరి చేతిలో సంచి కనబడితే రోడ్డు మీద కార్లు ఆగుతాయి. పెద్ద సామానుకు మాత్రం తొలి గంటలోనే చివరి ధరకు దిగకండి.

గీసి గీసి బేరమాడేవాళ్ళకు నేను చెప్పే మందు గంపగుత్త. ఒక్కో కప్పు మీద పావు డాలరు తగ్గించమంటుంటే ఆ వాదన పెట్టుకోకుండా, "ఈ కప్పులు, ఆ ప్లేట్లు, కింద పెట్టెలోవి అన్నీ కలిపి అయిదు డాలర్లు, తీసుకెళ్ళండి" అనండి. అతనికి గెలిచిన సంతృప్తి, మీకు ఒక బల్ల ఖాళీ. పిల్లలతో వచ్చినవాళ్ళకు ఒక బొమ్మ కొసరుగా ఇవ్వండి. ఆ తల్లి మిగతా వస్తువుల మీద గట్టిగా బేరమాడదు.

స్టిక్కర్లు మార్చి తెచ్చేవాళ్ళు కూడా అప్పుడప్పుడూ తగులుతారు. దొంగ అనకండి. "ఇది పొరపాటున పడినట్టుంది, దీని ధర పన్నెండు" అని చెప్పి, కాగితం చూపిస్తే సరిపోతుంది. పదకొండు దాటాక అన్నీ సగం ధరకు పెట్టండి. చివరి అరగంటలో కిరాణా సంచి ఒకటి చేతికిచ్చి, నిండినంత అయిదు డాలర్లు అనండి. బట్టలు, పుస్తకాలు దాంతో తేలిపోతాయి.

మా బాబు ఉయ్యాల, మంచం, కారు సీటు కొత్తవాటిలా ఉన్నాయి. అమ్మవచ్చా?
— రౌండ్ రాక్ నుంచి ఒక తల్లి

కొత్తగా కనబడటం ఇక్కడ చాలదు. రీకాల్ చేసిన వస్తువును గరాజ్ సేల్‌లో అమ్మినా చట్టవిరుద్ధమే. 2008లో వచ్చిన ఫెడరల్ చట్టం అది. పక్క గోడ కిందికి జారే పాత తొట్టి మంచాలను 2011 జూన్ 28 తర్వాత అమ్మకూడదు. ఫిషర్ ప్రైస్ రాక్ అండ్ ప్లే అనే వాలు ఉయ్యాలను పసిపిల్లల మరణాల తర్వాత 2019 ఏప్రిల్‌లో రీకాల్ చేశారు, అవి సుమారు 47 లక్షలు. 2022లో వచ్చిన మరో చట్టం పసిపిల్లలు పడుకునే వాలు పడకలను, తొట్టి చుట్టూ కట్టే దిండు గుడ్డలను పూర్తిగా నిషేధించింది. 2016లో ఐకియా రీకాల్ చేసిన సొరుగుల బీరువాలు కూడా ఇంకా చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. గోడకు బిగించకపోతే అవి పిల్లల మీద పడే ప్రమాదం ఉంది. వస్తువుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు కొట్టి చూసుకోండి.

కారు సీటు మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది. అది దాటినా, ఆ సీటు ఉన్న కారుకు ప్రమాదం జరిగినా ఉచితంగా కూడా ఇవ్వకండి. పట్టీలు కోసి పారేయండి. ఊరికే పోతోందని మీకు బాధగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ దాన్ని తీసుకెళ్ళేది మీలాంటి తల్లే.

మా అమ్మాయి వాడిన సామాన్లు వాకిట్లో పరిచి అమ్ముతానంటోంది. ఇల్లు గడవక అమ్ముకుంటున్నారని నలుగురూ అనుకోరా? ఊరికే ఎవరికైనా ఇచ్చేయొచ్చు కదా.
— విజయవాడ నుంచి వచ్చిన ఒక అమ్మ, ఆలెన్

అమ్మా, మీ బాధ అర్థమైంది. మన దగ్గర వాడిన వస్తువు పనిమనిషికో, బంధువుల పిల్లలకో ఇస్తాం. అమ్ముకోవడం మర్యాద కాదనుకుంటాం. ఇక్కడ డాక్టరు ఇంటి ముందూ, టీచరు ఇంటి ముందూ ఇవే బల్లలు కనిపిస్తాయి. ఎవరూ తక్కువగా చూడరు. పాత చీరలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి వీధిలోకి వస్తే మీరు గుమ్మంలో కూర్చుని ఇంకో చీర వెయ్యకుండా గిన్నె పెద్దది చేయించుకునేవారు కదా. ఆ నేర్పు మీ అమ్మాయికి ఇప్పుడు బాగా పనికొస్తుంది. పొద్దున్నే ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. భాష రాకపోయినా పర్వాలేదు, వేళ్ళతో లెక్క చెప్పవచ్చు. ఊరికే ఇవ్వాలనిపించినవి ఒక పెట్టెలో వేసి "ఉచితం" అని రాసి పెట్టించండి. అవసరం ఉన్నవాళ్ళు ఎవరినీ అడగక్కరలేకుండా తీసుకుంటారు.

వెట్ గ్రైండరు, ఇండియా మిక్సీ, ఇడ్లీ పాత్రలు, పెద్ద గుండిగలు గరాజ్ సేల్‌లో పోతాయా?
— మెకిన్నీ

వాటి విలువ తెలిసినవాళ్ళు మీ కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఉన్నారు, అక్కడే పెట్టండి. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ 230 వోల్టులది, ఇక్కడి కరెంటు 120. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా సరిగ్గా తిరగదని ముందే రాయండి. తెలిసినవాళ్ళతో బేరం ఇద్దరికీ ఇబ్బందే, కాబట్టి తక్కువ ధర వేసి, ఇదే ఆఖరని చెప్పేయండి.

పొద్దున్నే ఒకతను రెండు డాలర్ల వస్తువుకు వంద నోటు ఇచ్చాడు. చిల్లర ఇచ్చేశాం. తర్వాత అది దొంగనోటని తేలింది.
— గార్లండ్

పొద్దుటి రద్దీలో జరిగే మోసాల్లో ఇది పాతదే. ఇరవైకి మించిన నోటు తీసుకోబోమని ముందే ఒక కాగితం అంటించండి. తీసుకోక తప్పకపోతే వెలుతురుకు ఎత్తి చూడండి. ఖాళీ జాగాలో అదే మనిషి ముఖం నీడగా కనబడాలి. 2013లో వచ్చిన వంద నోటులో నీలం పట్టీ కాగితంలోనే నేసి ఉంటుంది, నోటు వంచితే దాని మీద బొమ్మలు కదులుతాయి. దొంగనోట్ల పెన్ను ఒక్కదాన్నే నమ్మకండి. చిన్న నోటును కడిగి దాని మీద పెద్దది ముద్రిస్తే పెన్ను పట్టుకోలేదు. జెల్ ద్వారా డబ్బు పంపానని ఫోన్ చూపిస్తే, మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందాకా సామాను కదలనివ్వకండి. ఒక డాలరు, అయిదు డాలర్ల నోట్లు, పావులు కలిపి అరవై డాలర్ల దాకా చిల్లర ముందు రోజే తెచ్చుకుని, పెట్టెలో కాకుండా నడుముకు కట్టే సంచీలో పెట్టుకోండి. ఇంటి ముందు తలుపుకు తాళం వేసి ఉంచండి.

మిగిలినవి ఏం చేయాలి? పన్ను ఏమైనా కట్టాలా?
— పేరు రాయని పాఠకుడు

కొన్న ధర కంటే తక్కువకు అమ్మిన సొంత సామాను మీద ఆదాయపు పన్ను ఉండదు, ఆ నష్టాన్ని మినహాయింపుగా చూపించడమూ కుదరదు. కొన్నదానికంటే ఎక్కువకు అమ్మితే, ఉదాహరణకు నగ, పాత బొమ్మ, ఆ లాభం మాత్రం లెక్కలోకి వస్తుంది. మిగిలినవి గుడ్‌విల్‌కో సాల్వేషన్ ఆర్మీకో ఇచ్చి రసీదు తీసుకోండి. పన్ను లెక్కలో మినహాయింపులు విడివిడిగా చూపేవాళ్ళకు (ఐటమైజ్ చేసేవాళ్ళకు) అది పనికొస్తుంది. సామానుగా ఇచ్చిన విరాళాలు ఏడాదిలో 500 డాలర్లు దాటితే 8283 ఫారం జతచేయాలి. ఆరోజే కారులో ఎక్కించి దింపి రండి, వచ్చే దారిలో మీరు పెట్టిన బోర్డులన్నీ పీకేయండి. ఆదివారం కూడా అవి ఉంటే మీ తలుపు కొట్టేవాళ్ళు వస్తూనే ఉంటారు.