అద్భుత సాహస నవలలు - భాషాభ్యాసము

అద్భుత సాహస నవల యనగా లోకమున కానరాని వస్తువులను, జీవులను కల్పించి, వాని నడుమ మానవుని ధైర్యమును పరీక్షించు కథ. ఇది కాలక్షేపమునకే గాని చదువునకు పనికిరాదని కొందఱు పెద్దల అభిప్రాయము. వీధిలో మాతృభాష వినబడని మనవంటి వారికి ఈ నవలలు చేయు మేలెట్టిదో విచారింతము.

తెలుగున ఇట్టి కల్పనకు పాత వరవడి కలదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన 'కాశీమజిలీ కథలు' అందు ప్రసిద్ధము. కాశికి పోవు మణిసిద్ధుడు తనకు తోడుగా ఒక గొల్లబాలుని పిలుచును. మజిలీ మజిలీకి కథ చెప్పినచో వచ్చెదనని బాలుడు నియమము పెట్టును. విడిది చేసిన చోట తిరిగి, ఒక వింతను చూచివచ్చి, దాని వృత్తాంతమును అడుగును. సిద్ధుడు మణి మహిమచే దానిని తెలిసికొని చెప్పును. బాలుని నడిపించినది కథయే.

1947 జూలైలో మద్రాసున 'చందమామ' పుట్టినది. 1954లో అందు 'తోకచుక్క' ధారావాహిక మొదలయ్యెను. దాని రచయిత దాసరి సుబ్రహ్మణ్యము. 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' మున్నగునవియు ఆయనవే. అవి పత్రికలో రచయిత పేరు లేకయే వెలువడినను, పిల్లలు మాత్రము నెలనెలా వాటికై వేచియుండిరి.

'తోకచుక్క'లో సమరసేనుడను సేనాని నావలపై పోయి మంత్రాల దీవిని చేరును. ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికుల వైరము నడుమ చిక్కుకొనును. ఇందు మనము గమనింపదగినవి మూడు గలవు. మొదటిది, నాయకుడు మాంత్రికుడు కాడు. ధైర్యము, యుక్తియే ఆతని బలము. రెండవది, మాంత్రికుని శక్తికిని హద్దు కలదు. హద్దు లేనిచో ఆపద లేదు, ఆపద లేనిచో కథ లేదు. మూడవది, ప్రకరణము ఆపద అంచున ఆగును. తరువాత ఏమగునోయని పాఠకుడు తహతహలాడును.

ఈ తహతహయే మనకు కావలసినది. తమిళనాటి మన ఇండ్లలో తెలుగు మాటలాడుదుము. కాని ఇంటి భాష వంటకు, వరుసలకు, పండుగలకు పరిమితము. తెరచాప, కందకము, సొరంగము, శిథిలాలయము వంటి మాటలు మనకు చెవినబడు తావెక్కడ? కథలో నావ మునుగుచున్నప్పుడు తెరచాప యన నేమో నిఘంటువు చూడకయే బాలునకు తెలియును. అక్షరములు వచ్చినను చదువు వేగము రానివాడు పుటను చూచినంతనే విసుగు చెందును. కథాసక్తి ఆ విసుగును జయించి వేగమును నేర్పును. చదువుట మానిన తరము పిదప మాటలాడుటయు మానుటను మన బంధువర్గములోనే చూచుచున్నాము.

'చందమామ' ప్రచురణ 2013 నాటికి ఆగిపోయినది. సుబ్రహ్మణ్యముగారు 2010లో మరణించిన పిదప ఆయన నవలలు పుస్తకములుగా వెలువడినవి. వానిని పాఠశాల గ్రంథాలయమున చేర్చవలెను. వారమునకొక ప్రకరణము తరగతిలో బిగ్గరగా చదివి, ఆపద అంచున ఆపవలెను. తరువాతి కథను ఊహించి పది పంక్తులు వ్రాయుమని విద్యార్థులను కోరవలెను. పిదప పుస్తకమును వారి చేతికే ఈయవలెను. మిగిలినది వారే చదువుకొందురు.

పెద్దలకొక మనవి: పిల్లవాడు మాంత్రికుని కథలో మునిగియున్నప్పుడు పాఠము చదువలేదని పుస్తకమును లాగికొనకుడు. అతడు చదువుచున్నది తెలుగే.