యుఫోనియం పాడే రెండో పాట



మేము బడి బ్యాండులో చేరిన రోజున వాయిద్యాలు పంచుతుంటే అందరం ట్రంపెట్‌కూ సైడ్ డ్రమ్ముకూ ఎగబడ్డాం. చివరికి మిగిలిన యుఫోనియం ఆలస్యంగా వచ్చిన మా రూమ్మేటు ఒళ్ళో పడింది. "పాట మాది, బరువు నీది" అని వాణ్ణి ఏడిపించేవాళ్ళం. ఒకసారి ఆగస్టు 15కు వారం ముందు వాడు జ్వరంతో ఇంటికి వెళ్ళిపోయాడు. రిహార్సల్ మొదలుపెట్టాం. ట్రంపెట్లు బాగానే పలికాయి, డ్రమ్ములూ తప్పలేదు, అయినా పాట డొల్లగా ఉంది. మాస్టారు మధ్యలో ఆపించి, "ఏం పోయిందో తెలిసిందా?" అన్నారు. ఆ పోయిందేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

యుఫోనియం అనే పేరు 'మంచి నాదం గలది' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. దాని గొట్టాన్ని సాగదీస్తే సుమారు 9 అడుగులు ఉంటుంది. ట్రంపెట్ గొట్టం అందులో సగమే. అందుకే ఇది ట్రంపెట్ కంటే ఒక స్థాయి కిందుగా, మగవాళ్ళ గొంతు పలికేచోట పలుకుతుంది. గొట్టం పోనుపోను వెడల్పవుతుంది కనుక నాదంలో కరుకుదనం ఉండదు.

మన పెళ్ళి బ్యాండులో ట్రంపెట్టూ క్లారినెట్టూ యుఫోనియమూ సాధారణంగా ఒకే సినిమా పాటను వేర్వేరు స్థాయిల్లో వాయిస్తాయి. పాశ్చాత్య మార్చ్‌లో అలా కాదు. పైన కార్నెట్లు ఒక పాట పాడుతుంటే, అదే సమయంలో కింద యుఫోనియం మరో పాట పాడుతుంది. దీన్ని కౌంటర్ మెలొడీ అంటారు. మేము మాత్రం 'తోడుపాట' అనుకునేవాళ్ళం. నాట్లు వేసేటప్పుడు ఒకరు పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు కదా, అది వంతులవారీగా సాగుతుంది. ఇక్కడ వంతులు లేవు, రెండూ ఒకేసారి నడవాలి. మరి గోల కాదా అంటే, కాదు. పై పాట ఒక స్వరం మీద నిలిచినప్పుడు కింది పాట కదులుతుంది. పై పాట పరుగెత్తినప్పుడు ఇది చాలాసార్లు నిలబడుతుంది.

మార్చ్‌లో మొదటి రెండు భాగాలు అయ్యాక 'ట్రియో' వస్తుంది. అక్కడ శ్రుతి మారుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే మధ్యమ శ్రుతిలోకి వెళ్ళినట్టు. ట్రియోలో పాట తరచుగా నిడివి స్వరాలతో సాగుతుంది కాబట్టి యుఫోనియానికి ఖాళీ దొరుకుతుంది.

ఆ ఖాళీని కార్ల్ కింగ్ వాడుకున్నంత ఇష్టంగా వాడుకున్నవారు తక్కువని మా అభిప్రాయం. ఆయన 1891లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. పేపర్లు వేసి కూడబెట్టిన డబ్బుతో కార్నెట్ కొనుక్కుని, తర్వాత యుఫోనియానికి మారాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసి అచ్చుపని నేర్చుకున్నాడు. 1910లో సర్కస్ బ్యాండులో చేరాడు. ఆ ఏడాదిదే 'మెలొడీ షాప్' అనే మార్చ్. అందులో పైపాట తీరిగ్గా నడుస్తుంటే యుఫోనియం ఊపిరి సలపనివ్వకుండా మెట్లు ఎక్కి దిగుతుంది. ఈనాటికీ యుఫోనియం వాళ్ళకు అది పరీక్షే. తన వాయిద్యం ఏం చేయగలదో తెలిసినవాడు రాసిన పాట అది. 1913లో రాసిన 'బార్నమ్ అండ్ బెయిలీస్ ఫేవరెట్' కూడా వినండి.

మరో తమాషా, బాగ్లీ రాసి 1906లో అచ్చయిన 'నేషనల్ ఎంబ్లమ్'. ఇందులో తోడుపాట కాదు, మొదటి భాగంలో అసలు పాటే యుఫోనియం, ట్రాంబోన్ల వంటి కింది వాయిద్యాలకు దక్కింది. అది అమెరికా జాతీయగీతం ఎత్తుగడే. మూడు దెబ్బల లెక్కలో ఉండే ఆ గీతాన్ని ఆయన నడకకు సరిపడేలా రెండు దెబ్బల్లోకి మార్చాడు.

సాధన ఇలా చేయండి. ఒకరు పైపాటను కూనిరాగం తీయాలి, రెండోవారు తోడుపాటను చాలా నెమ్మదిగా వాయించాలి. తర్వాత మారాలి. ఎదుటివారి పాట వినపడనంత గట్టిగా ఊదారంటే తప్పు చేస్తున్నట్టే. రోజూ వాల్వులకు నూనె వేయడం మరవొద్దు.

మా రూమ్మేటు ఆగస్టు 14 సాయంత్రం బస్సు దిగాడు. మేమెవరమూ క్షమాపణ అడగలేదు. వాడు నిద్రపోయాక వాడి యుఫోనియాన్ని తుడిచి మెరిసేలా చేసి, మంచం పక్కనే పెట్టాం.