కాలిందాన్ని కాదు, కాల్చినదాన్ని వెతకండి

గుడియాత్తం మరమగ్గాల షెడ్డులో మోటారు కాలితే రెండు గొంతులు ఒకేసారి లేస్తాయి. ‘ఎవడ్రా నడిపింది?’ అని ఒకటి, ‘విప్పి వైండింగుకు పంపు’ అని ఇంకొకటి. మొదటిది కోపం, రెండోది ఖర్చు. చుట్టించి తెచ్చిన మోటారు వారం తిరక్కుండా మళ్లీ కాలితే మూడో గొంతు లేస్తుంది: ‘వైండింగువాడు మోసం చేశాడు!’

రాయవేలూరు సత్తువాచారి నుంచి అటు గుడియాత్తం మగ్గాలు, ఇటు రాణిపేట తోళ్ల కార్ఖానాల డ్రమ్ములు. త్రీఫేజ్ మోటారు ఆగితే ఆ పూట కూలీ కూడా ఆగే చోట్లు. అక్కడ మంచి ఎలక్ట్రీషియన్ను గుర్తుపట్టడం తేలిక. వస్తూనే కొత్త కాయిల్ ధర చెప్పడు. మూత విప్పించి, కాలిన తీరు చూస్తాడు.

చుట్టలన్నీ ఒకేలా నల్లబడ్డాయా? లోడు ఎక్కువైందో, గాలి ఆడలేదో, వోల్టేజీ పడిపోయిందో చూడాలి. స్టార్ కనెక్షన్లో రెండు ఫేజులు మాడి మూడోది కొత్తదానిలా ఉందా? డెల్టాలో ఒక్క ఫేజే మాడి మిగతా రెండూ బాగున్నాయా? అయితే తప్పు మోటారుది కాకపోవచ్చు, సరఫరాలో ఒక ఫేజు పోయి ఉంటుంది. స్తంభం దగ్గర ఫ్యూజు ఎగిరిందో, స్టార్టరులో ఒక కాంటాక్టు అరిగిందో! తిరిగే మోటారు వెంటనే ఆగదు. అదే లోడును రెండు తీగల మీద మోస్తూ, మూలుగుతూ తిరుగుతుంది. ఆ తీగల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా ఉంటే ట్రిప్ అయి కాపాడుతుంది. ‘ఊరికే ట్రిప్ అవుతోంది’ అని దాని సెట్టింగు పెంచేసిన మహానుభావుడెవరైనా ఉంటే ఇక కాయిల్‌కు దిక్కులేదు.

మనుషుల విషయంలోనూ ఇంతే. ఏళ్ల తరబడి పల్లెత్తు మాటనని ఉద్యోగి ఒకరోజు అందరిమీదా విరుచుకుపడితే ‘పొగరు’ అనేస్తాం. మానేసి వెళ్లినవాడి పని ఎవరి నెత్తిన పడిందో చూడం. ‘నావల్ల కావడం లేదు’ అన్నవాణ్ణి ‘సర్దుకో’ అనడం రిలే సెట్టింగు పెంచడమే.

టొయోటా ఇంజనీరు తైచీ ఓనో ఇలా యంత్రం ఆగిన కేసునే ‘ఎందుకు?’ అని ఐదుసార్లు అడిగి విప్పి చూపాడు. యంత్రం ఆగింది, ఫ్యూజు ఎగిరింది. లోడు ఎక్కువైంది. బేరింగుకు నూనె అందలేదు. నూనె పంపు సరిగ్గా తోడలేదు. పంపు షాఫ్టు అరిగింది. జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి చేతులు దులుపుకుంటే కొన్నాళ్లకు అదే గొడవ. ఐదు అనే అంకెకు మహిమేమీ లేదు, మూడో ప్రశ్నకే దొరికితే ఆపేయండి. కానీ ‘ఎందుకు’ ‘ఎవరు’గా మారిందంటే ఇక అక్కడ నిజం చెప్పేవాడుండడు.

మంచి ఎలక్ట్రీషియన్‌కుండే ఇంకో అలవాటు నాకు మరీ ఇష్టం. లైను చచ్చిందని నమ్మే ముందు జాగ్రత్తపరుడు టెస్టరును కరెంటున్న చోట పెట్టి చూస్తాడు, తర్వాత పనిచేయాల్సిన చోట, మళ్లీ కరెంటున్న చోట. లైనుకన్నా ముందు తన పనిముట్టును అనుమానిస్తాడన్నమాట. ఒక మనిషి మీద తీర్పు చెప్పే ముందు, ఆ కబురు మోసుకొచ్చినవాణ్ణి మనలో ఎంతమంది ఇలా పరీక్షిస్తాం?

షెడ్డున్నవాళ్లకు ఒక పని. వోల్టేజీ 415 ఉందని తృప్తిపడకండి. మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయా చూడండి. మూడున్నర శాతం అసమానం చాలు, వైండింగు వేడి పెరుగుదల సుమారు 25 శాతం ఎక్కువవుతుంది. మోటారు బాగా తిరుగుతున్న రోజునే ఎలక్ట్రీషియన్ చేత మూడు తీగల వోల్టేజీ, కరెంటు కొలిపించి, తేదీ వేసి స్టార్టరు పెట్టె తలుపు లోపల అతికించండి. ఆగిన రోజున పోల్చి చూడటానికి ఆ కాగితం కావాలి.