తల్లిదండ్రుల ఇల్లు వేలానికి వస్తే: రివర్స్ మార్ట్‌గేజ్ ఆదుకుంటుందా?

మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు కొందరు సభ్యులు ఈ ప్రశ్న అడుగుతున్నారు: "మా నాన్నగారు ఇంటికోసం బ్యాంకులో అప్పు చేశారు. వాయిదాలు తప్పి నోటీసు వచ్చింది. రివర్స్ మార్ట్‌గేజ్‌తో ఇల్లు నిలుపుకోవచ్చునా?" కొన్ని సందర్భాలలో నిలుపుకోవచ్చును.

ఇది ఏమిటి? 60 ఏళ్ళు నిండినవారు సొంత ఇంటిని తనఖా పెట్టి, అందులోనే నివసిస్తూ సొమ్ము పొందే పద్ధతి. 2007-08 కేంద్ర బడ్జెట్‌లో దీనిని ప్రకటించారు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు నిబంధనలు రూపొందించింది. పశువుల ఋణానికి పాల బిల్లులో కోతపడి బాకీ తగ్గుతుంది. ఇక్కడ నెలనెలా కోత లేదు, కనుక బాకీ పెరుగుతుంది.

ఎవరికి వీలు? ఇల్లు తండ్రిగారి స్వార్జితమై, వారు అందులో కాపురముండాలి. హక్కు పత్రాలు సక్రమంగా ఉండాలి. అదే ఇంటికోసం చేసిన పాత అప్పు తీర్చడానికి ఈ సొమ్ము వాడవచ్చును. వ్యాపారానికి వాడరాదు. ఒకేసారి ఇచ్చే మొత్తానికి పరిమితి ఉంటుంది. అది పాత బకాయికి చాలకపోతే మిగతాది పిల్లలు సమకూర్చాలి.

గడువు ఎంత? 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద నోటీసు అందితే బకాయి చెల్లించడానికి 60 రోజులు ఉంటాయి. అభ్యంతరం వ్రాసి ఇస్తే బ్యాంకు 15 రోజులలో జవాబివ్వాలి. ఆపైన బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య తీసుకుంటే, 45 రోజులలో ఋణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చును. సహకార బ్యాంకులకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. నోటీసును పెట్టెలో దాచి కూర్చుంటే లాభం లేదు.

లెక్క చూడండి. ఉదాహరణకు 10 లక్షలు, ఏటా 10 శాతం చక్రవడ్డీ అనుకుందాం. పదేళ్ళకు బాకీ సుమారు 26 లక్షలవుతుంది. తల్లిదండ్రుల తదనంతరం వారసులు బాకీ కట్టి ఇల్లు ఉంచుకోవచ్చును, లేదా అమ్మకానికి వదలవచ్చును. ఇంటి ధరకు మించి మాత్రం వసూలు చేయరు.

కనుక సభ్యులు ముందుగా పాత బ్యాంకుకు వెళ్ళి వాయిదాల పొడిగింపు అడగాలి. అది కుదరనప్పుడే ఈ మార్గం చూడాలి. సంతకానికి ముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ కూర్చుని లెక్క వినాలి. ఇల్లు పెద్దలది, నిర్ణయమూ వారిదే.